ఆగిన గుండె, పద్నాలుగేళ్ల చేతులు

పెళ్లి ఊరేగింపులో ఆడుతున్న కుర్రాడు, షటిల్ కోర్టులో యాభై ఏళ్ల మనిషి, బస్టాండులో నిలబడ్డ పెద్దాయన ఉన్నట్టుండి కుప్పకూలిపోతారు. చుట్టూ జనం మూగుతారు. ఒకరు ముఖాన నీళ్లు కొడతారు, ఒకరు అరికాళ్లు రుద్దుతారు. ఫిట్సేమోనని ఒకరు చేతిలో తాళంచెవుల గుత్తి పెడతారు. ఇంకొకరు సోడా తెమ్మని కేకేస్తే, మరొకరు ఆటో కోసం పరుగెత్తుతారు. సీసీ కెమెరాలకెక్కి ఫోన్లలో తిరిగే ఇలాంటి దృశ్యాలు మనమంతా చూసినవే. అక్కడున్న వాళ్లందరికీ ఆ మనిషి బతకాలనే ఉంటుంది. చేతులతో ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ తెలియదు.

చెయ్యాల్సిన పని చెబితే నమ్మబుద్ధి కాదు. రొమ్ము మధ్యలో రెండు చేతులు ఒకదాని మీద ఒకటి వేసి గట్టిగా, వేగంగా, ఆపకుండా నొక్కాలి. మందు లేదు, సూది లేదు. ఎముకల గూడు వెనక దాగిన గుండెను బయటి నుంచి నొక్కితే నెత్తురు తలదాకా ఎలా చేరుతుంది? ఆ నొక్కేది కండలు తిరిగిన పెద్దమనిషి కాకుండా తొమ్మిదో తరగతి పిల్లో పిల్లాడో అయితే సరిపోతుందా? సరిపోతుంది. చాలా దేశాలు ఇలా ఛాతీ నొక్కే పద్ధతిని, అంటే సీపీఆర్‌ను, బడి పాఠాల్లో చేర్చాయి. ఎందుకు సరిపోతుందో తెలియాలంటే ముందు గుండె ఎలా ఆగుతుందో చూడాలి.

గుండెపోటు వేరు, గుండె ఆగడం వేరు

వార్తల్లో రెంటినీ కలిపి రాసేస్తుంటారు కానీ, ఇవి రెండు వేర్వేరు సంగతులు. గుండె కండరానికి నెత్తురు తెచ్చే కరోనరీ ధమనిలో గడ్డ అడ్డుపడితే అది గుండెపోటు. ఆ మనిషికి ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటాయి. మనతో మాట్లాడుతుంటాడు. గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది కాబట్టి అతని ఛాతీ నొక్కకూడదు. కదలకుండా కూర్చోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి.

గుండె ఆగడం, అంటే కార్డియాక్ అరెస్ట్, జరిగినప్పుడు నెత్తురు తోడే పనే నిలిచిపోతుంది. గుండెపోటు ముదిరి ఇలా కావచ్చు. పుట్టుకతో ఉన్న లోపం వల్ల కావచ్చు. కరెంటు షాక్ వల్ల, నీళ్లలో మునగడం వల్ల, ఆటలో బంతి ఛాతీకి బలంగా తగలడం వల్ల కూడా కావచ్చు. పెద్దవాళ్లు హఠాత్తుగా పడిపోయిన సందర్భాల్లో మొదట తరచుగా కనిపించేది వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్. మామూలుగా గుండె కండరంలోని పోగులన్నీ ఒకే విద్యుత్ సంకేతానికి ఒక్కసారిగా బిగుసుకుంటాయి. ఫిబ్రిలేషన్‌లో ఆ క్రమం చెదిరి, ఏ పోగుకు ఆ పోగు వణుకుతుంది. గుండె కదులుతున్నట్టే ఉంటుంది, నెత్తురు మాత్రం ఒక్క చుక్క ముందుకు పోదు.

అక్కడి నుంచి గడియారం మొదలవుతుంది. మెదడు మన బరువులో దాదాపు 2 శాతమే అయినా, ఒళ్లంతా వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. దాచిపెట్టుకునే అలవాటు దానికి లేదు. నెత్తురు ఆగిన 10 నుంచి 15 సెకన్లలో స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలకు మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. ఎవరూ ఏమీ చెయ్యకపోతే, బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున తరిగిపోతుంది. ఎవరైనా ఛాతీ నొక్కుతూ ఉంటే ఈ తరుగుదల దాదాపు సగానికి తగ్గుతుంది.

మన తెలుగువాళ్లకు 108 అంటే గర్వం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ నంబరు దేశమంతా పాకింది. కానీ ఎంత మంచి అంబులెన్స్ అయినా ఫోన్ అందుకుని, బయల్దేరి, ట్రాఫిక్ దాటి, మెట్లెక్కి మనిషిని చేరేసరికి నాలుగైదు నిమిషాలు ఇట్టే దాటిపోతాయి. ప్రపంచంలో ఏ నగరమూ ఈ లెక్కను పూర్తిగా గెలవలేదు. ఆ ఖాళీని పూడ్చగలిగేది అక్కడ ఉన్నవాళ్లే.

*ఎగశ్వాసను చూసి మోసపోవద్దు*

*గుండె ఆగిన కొత్తలో దాదాపు 40 శాతం మందిలో ఒక వింత కనిపిస్తుంది. ఉండుండి నోరు తెరిచి, గురక లాంటి చప్పుడుతో ఒక్కో ఊపిరి పీలుస్తారు. మన పెద్దలు దీన్నే ఎగశ్వాస అన్నారు. అది శ్వాస కాదు, ఆక్సిజన్ అందని మెదడు కాండం చేసే చివరి ప్రయత్నం. కొందరిలో మొదట కొన్ని సెకన్లు ఫిట్స్ లాంటి కుదుపులు కూడా వస్తాయి. "ఊపిరి ఆడుతోంది కదా" అని చూస్తూ నిలబడిపోయేది ఇక్కడే. పిల్లలకు నేర్పాల్సిన సూత్రం చిన్నది. తట్టి పిలిస్తే పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే గుండె ఆగినట్టే లెక్క. నాడి వెతుకుతూ కూర్చోనక్కర్లేదు. అలవాటు లేనివాళ్లకు నాడి దొరకదు, సమయం మాత్రం పోతుంది.*

బోరింగు కొట్టడం తెలిసినవాళ్లకు

ఛాతీని బయటి నుంచి నొక్కితే నెత్తురు కదులుతుందని కనిపెట్టింది అనుకోకుండా. 1950లలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో విలియం కౌవెన్‌హోవెన్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు, కరెంటు లైన్ల మీద పనిచేస్తూ షాక్ తగిలి చనిపోతున్న కార్మికులను కాపాడే యంత్రం కోసం పరిశోధిస్తున్నాడు. ఫిబ్రిలేషన్‌లో పడిన గుండెకు బయటి నుంచి షాక్ ఇచ్చి దారిలో పెట్టడం ఆయన ఉద్దేశం. ఆయన దగ్గర పనిచేసే యువ పరిశోధకుడు గై నికర్‌బాకర్, ప్రయోగంలోని కుక్క ఛాతీ మీద బరువైన ఎలక్ట్రోడ్లను ఆనించినప్పుడు ఒక సంగతి గమనించాడు. కరెంటు ఇంకా ఇవ్వలేదు. అయినా రక్తపోటు గీత కొద్దిగా పైకి లేచింది. ఆ చిన్న లేవడాన్ని పట్టుకుని వాళ్లు పని చేశారు. శస్త్రవైద్యుడు జేమ్స్ జూడ్ తోడయ్యాడు. 1960లో ముగ్గురూ కలిసి ఫలితాలు ప్రచురించారు. అంతకు ముందు ఆగిన గుండెను నడపాలంటే ఛాతీ కోసి, గుండెను చేత్తో పట్టి పిసకాల్సిందే. అదే కాలంలో పీటర్ సాఫర్ నోటితో ఊపిరి ఊదే పద్ధతికి శాస్త్రీయమైన పునాది వేశాడు. రెండూ కలిసి సీపీఆర్ అయింది.

లోపల జరిగేది ఇది. రొమ్ము ఎముకకూ వెన్నెముకకూ మధ్య గుండె ఉంటుంది. ఎముకను 5 సెంటీమీటర్లు కిందికి నొక్కితే గుండె గదులు నలుగుతాయి, ఛాతీ అంతటా ఒత్తిడి పెరుగుతుంది. గుండెలోని కవాటాలు ఒక వైపే తెరుచుకుంటాయి కాబట్టి నెత్తురు వెనక్కి పోలేక ముందుకు, బృహద్ధమనిలోకి నెట్టుకుపోతుంది. గుండె నేరుగా నలగడం ముఖ్యమా, ఛాతీలో పెరిగిన ఒత్తిడి ముఖ్యమా అని శాస్త్రవేత్తలు చాలాకాలం వాదించుకున్నారు. రెంటికీ వాటా ఉందనే మాట ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటారు.

దీన్ని బాగా అర్థం చేసుకోవడానికి ఊళ్లో చేతి బోరింగు చాలు. కొంతసేపు వాడని బోరింగు మొదటి నాలుగు దెబ్బలకు నీళ్లివ్వదు. కొడుతూ పోతే గొట్టంలో నీరు ఎక్కి, ఆ తర్వాతే ధార కడుతుంది. మధ్యలో పిడి వదిలేస్తే, ఎక్కిన నీరు కిందికి జారుతుంది, మళ్లీ మొదటి నుంచి కొట్టాలి. ఛాతీ నొక్కడమూ ఇంతే. ధమనుల్లో ఒత్తిడి ఒక్క నొక్కుకు రాదు, వరసగా కొన్ని నొక్కులు పడ్డాక మెల్లగా పెరుగుతుంది. మధ్యలో ఆపితే కొన్ని సెకన్లలో పడిపోతుంది. "ఒకసారి చూద్దాం, లేచాడేమో" అని పది సెకన్లకోసారి ఆగేవాళ్లు కష్టపడి ఎక్కించిన ఒత్తిడిని తామే దింపేస్తున్నారు.

బోరింగు పిడిని పూర్తిగా ఆడించకుండా పైపైన కొడితే నీళ్లు రావు. ఇక్కడా అంతే. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇందులోనే, కారణం కూడా ఆసక్తికరమైనదే. నొక్కినప్పుడు నెత్తురు మెదడుకు పోతుంది. గుండె కండరానికి మాత్రం తన వాటా అందేది ప్రధానంగా నొక్కు వదిలినప్పుడు. బృహద్ధమని మొదట్లోనే కరోనరీ ధమనులు చీలతాయి. ఛాతీ లేచి లోపలి ఒత్తిడి తగ్గినప్పుడు నెత్తురు వాటిలోకి జారుతుంది, సిరల్లోంచి మరుసటి నొక్కుకు కావలసిన నెత్తురు గుండెలోకి చేరుతుంది. చేతుల బరువు ఛాతీ మీదే ఆనించి ఉంచితే ఈ రెండూ జరగవు. అలాంటప్పుడు ఎంత గట్టిగా నొక్కినా గుండె ఆకలితోనే ఉంటుంది.

ఎంత బాగా చేసినా, చేతులు తోడే నెత్తురు గుండె మామూలుగా తోడే దాంట్లో మూడో వంతుకు మించదు. దాంతో గుండె సాధారణంగా తనంతట తాను మొదలుకాదు. దాన్ని దారిలో పెట్టేది డీఫిబ్రిలేటర్ షాక్, ఆసుపత్రి చికిత్స. ఆ మూడో వంతు నెత్తురు మెదడు చావకుండా, గుండె కండరం షాక్‌కు స్పందించే స్థితిలో ఉండేలా చూస్తుంది. సీపీఆర్ సమయాన్ని కొనిపెడుతుంది. సినిమాల్లో రెండు నొక్కులకే కళ్లు తెరిచే దృశ్యాలు పిల్లల మనసులోంచి మొదటి రోజే తీసెయ్యాలి.

*వాట్సాప్‌లో తిరిగే దగ్గు*

*ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండండి, బతికిపోతారు అనే సందేశం ఏళ్లుగా తిరుగుతోంది. దాని మూలం ఒక నిజమైన పరిశీలన. 1976లో క్రైలీ అనే అమెరికన్ వైద్యుడు, గుండె రక్తనాళాల పరీక్ష గదిలో ఫిబ్రిలేషన్ వచ్చిన కొందరు రోగులు వెంటవెంటనే దగ్గడం వల్ల కొన్ని సెకన్ల పాటు స్పృహలో ఉండగలిగారని నమోదు చేశాడు. ఛాతీలో ఒత్తిడి ఒక్కటే నెత్తురును కదిలించగలదనడానికి అది మంచి రుజువు. కానీ అక్కడ రోగి ఒంటికి మానిటర్ ఉంది, పక్కన వైద్యుడు, చేతిలో షాక్ యంత్రం ఉన్నాయి. ఇంట్లో ఛాతీ నొప్పి వచ్చిన మనిషి గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. దగ్గుతూ కూర్చుంటే ఫోన్ చెయ్యాల్సిన నిమిషాలు పోతాయి.*

బొమ్మలు చేసేవాడి చేతిలో పాఠం

బతికున్న మనిషి ఛాతీ మీద ఇది సాధన చెయ్యకూడదు, ప్రమాదం. మరి నేర్చుకునేదెలా? నార్వేలోని స్టావంగర్ పట్టణంలో ఆస్మండ్ లేర్డాల్ అనే ఆటబొమ్మల తయారీదారు ఉండేవాడు. నీళ్లలో మునిగిపోబోయిన తన పసి కొడుకును ఆయనే బయటికి లాగి కాపాడుకున్నాడు. మెత్తని ప్లాస్టిక్‌తో బొమ్మలు చెయ్యడంలో ఆరితేరిన ఆయనను, సాధన కోసం మనిషంత బొమ్మ తయారు చెయ్యమని వైద్యులు అడిగారు. 1960లో "రెససీ ఆన్" తయారైంది. దాని ముఖానికి నమూనా, పారిస్‌లో సేన్ నదిలో దొరికిన గుర్తు తెలియని యువతిదని చెప్పుకునే పాత ముఖపు అచ్చు. మరుసటి ఏడాది, 1961లోనే, నార్వే బడి పిల్లలు ఆ బొమ్మతో ఊపిరి ఊదడం నేర్చుకోవడం మొదలైంది. ఈ కాలక్రమం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. సీపీఆర్ వైద్యశాస్త్రంలోకి వచ్చిన మరుసటి ఏడాదే అందులో ఒక భాగం బడిలోకీ వచ్చింది. పెద్దలకు నేర్పి, మిగిలితే పిల్లలకు అన్న ఆలోచన అక్కడ లేదు.

పిల్లల బలం చాలుతుందా?

ఈ ప్రశ్నకు జవాబు 2007లో బ్రిటన్‌లోని కార్డిఫ్ నుంచి వచ్చింది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వయసున్న 157 మంది పిల్లలకు నేర్పి, మూడు నిమిషాల పాటు బొమ్మ ఛాతీ నొక్కించి కొలిచారు. చేతులు సరైన చోట పెట్టడం, వేగం పట్టుకోవడం చిన్నవాళ్లకూ వచ్చింది. లోతు దగ్గరే తేడా. 9, 10 ఏళ్ల పిల్లల్లో ఒక్కరూ అప్పటి నియమాలు చెప్పిన లోతుకు నొక్కలేకపోయారు. 11, 12 ఏళ్లవాళ్లలో 19 శాతం, 13, 14 ఏళ్లవాళ్లలో 45 శాతం నొక్కగలిగారు. సగం కూడా లేరే అనిపించవచ్చు. కానీ ఇలాంటి ఇతర పరీక్షల్లో పెద్దవాళ్లు సాధించేది కూడా ఇంచుమించు అంతే. పద్నాలుగేళ్లకు పిల్లల చేతులు ఈ పనిలో పెద్దల చేతులతో సమానమవుతాయన్నమాట.

ఇక్కడ వయసు కన్నా ఒంటి బరువు ముఖ్యం. సగటు పెద్దమనిషి ఛాతీని 5 సెంటీమీటర్లు దించాలంటే స్థూలంగా 40, 50 కిలోల బరువు మోపినంత బలం కావాలి. మన ఊళ్లలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు చాలామంది అంత బరువే ఉండరు. అందుకే వాళ్లకు భుజబలంతో తోయడం నేర్పకూడదు, ఒంటి బరువును వాడటం నేర్పాలి. మనిషి పక్కన నేల మీద మోకాళ్లూని, మోచేతులు వంచకుండా, భుజాలు సరిగ్గా అరచేతుల మీదికి వచ్చేలా వంగి, నడుము దగ్గర నుంచి ఊగాలి. పిరుదులు మడమల మీద ఆనిస్తే బరువు వెనక్కి పోతుంది, లోతు రాదు. మంచం మీద ఉన్న మనిషిని తప్పకుండా కింద గట్టి నేల మీదికి దించాలి. లేకపోతే నొక్కిన నొక్కంతా పరుపు మింగేస్తుంది.

ఎవరికైనా ఒకటి రెండు నిమిషాలకే అలసట మొదలవుతుంది, తమకు తెలియకుండానే లోతు తగ్గుతుంది. కాబట్టి ఇద్దరుంటే రెండు నిమిషాలకోసారి మారాలి. బడిలో నేర్పడం వల్ల కలిసొచ్చేది ఇదే. క్లాసులో నలభై మందికీ వస్తే మార్చుకోవడానికి మనిషి కొరత ఉండదు.

ఐదో తరగతి పిల్లాడు నొక్కలేకపోతే పనికిరాడని కాదు. పడిపోయిన మనిషిని గుర్తించి, స్పీకర్ ఫోన్ పెట్టి 108కి చిరునామా చెప్పి, "నాన్నా, ఇక్కడ చెయ్యి పెట్టి నొక్కు" అని పెద్దవాళ్లకు చెప్పగలిగితే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మద్దతుతో 2015లో వచ్చిన "కిడ్స్ సేవ్ లైవ్స్" ప్రకటన 12 ఏళ్ల నుంచి ఏడాదికి రెండు గంటలు నేర్పమంటుంది. ఇంగ్లండ్ 2020 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ నిధులతో నడిచే సెకండరీ బడుల్లో దీన్ని తప్పనిసరి చేసింది.

డెన్మార్క్ నేర్పింది, డెన్మార్క్ తప్పింది

2021 జూన్ 12న కోపెన్‌హేగెన్‌లో ఫిన్లండ్‌తో ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడుతూ డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ మైదానంలోనే కూలిపోయాడు. గుండె ఆగింది. కెప్టెన్ సిమోన్ కేయర్ క్షణాల్లో అతని దగ్గరికి చేరాడు. వైద్య బృందం ఛాతీ నొక్కి, షాక్ ఇచ్చింది. ఎరిక్సన్ బతికాడు, తర్వాత మళ్లీ మైదానంలోకి దిగాడు. సీపీఆర్ శిక్షణ గురించి ఎవరు మాట్లాడినా ఉదాహరణగా చెప్పే దేశంలోనే ఇది జరిగింది.

2005లో డెన్మార్క్ బడుల్లో ఈ శిక్షణను చట్టంతో తప్పనిసరి చేసింది. మరుసటి ఏడాది డ్రైవింగ్ లైసెన్సుకూ ముడిపెట్టింది. ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్లకు, పక్కనున్నవాళ్లు సీపీఆర్ చేసిన సందర్భాలు 2001లో 21.1 శాతం ఉంటే, 2010కి 44.9 శాతం అయ్యాయి. 30 రోజుల తర్వాత బతికున్నవాళ్లు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు. మూడు రెట్లు!

ఈ అంకెలు చూపించి "చూశారా, బడిలో నేర్పితే ఎంత మారిందో" అని వ్యాసం ముగించడం తేలిక. కానీ అది పూర్తి నిజం కాదు. చట్టం వచ్చిన ఎనిమిదేళ్లకు ఒక సర్వే చేస్తే, బడి ముగించే తరగతుల్లో ఈ శిక్షణ పూర్తయినవి 28 శాతమే అని తేలింది. మిగిలినవాటిలో చట్టం కాగితం మీదే ఉంది. నేర్పగల టీచరు లేకపోవడం, బొమ్మలు అందకపోవడం, ఇది తప్పనిసరి అని బడికే తెలియకపోవడం వంటివి అడ్డుపడ్డాయి. బతికినవాళ్లు పెరగడం వెనక లైసెన్సు శిక్షణ, స్వచ్ఛంద తరగతులు, షాక్ యంత్రాలు, ఫోన్‌లో దారి చూపే నర్సులు, మెరుగైన ఆసుపత్రి చికిత్స అన్నీ ఉన్నాయి. బడి వాటా ఎంతో విడదీసి చెప్పలేం.

అదే దేశంలో ఇంకో ప్రయోగం ఉంది. దాదాపు 35,000 మంది ఏడో తరగతి పిల్లలకు గాలి ఊది వాడుకునే చిన్న బొమ్మ, ఒక డీవీడీ ఉన్న పెట్టె ఇచ్చి, బడిలో నేర్పి, ఇంటికి తీసుకెళ్లి ఇంట్లోవాళ్లకు నేర్పమన్నారు. జవాబులు పంపిన వాళ్ల లెక్క ప్రకారం ఒక్కో పిల్ల సగటున ఇద్దరు ముగ్గురికి నేర్పింది. వెంటనే వచ్చిన నెలల్లో దేశవ్యాప్తంగా సీపీఆర్ చేసేవాళ్ల శాతంలో చెప్పుకోదగ్గ తేడా మాత్రం కనిపించలేదు. నాకు ఇది నిరాశగా అనిపించదు. పదమూడేళ్ల పిల్ల ఈ ఏడాది నేర్చుకున్నది అక్కరకొచ్చేది ఎప్పుడో పదేళ్లకు, ఇరవై ఏళ్లకు కావచ్చు.

పడిపోయేది ఎక్కువగా ఇంట్లోనే

వీడియోల్లో మనం చూసేవి రోడ్లు, జిమ్‌లు. కానీ వివరంగా లెక్కలు రాసే దేశాల్లో చూస్తే, ఆసుపత్రి బయట గుండె ఆగే ఘటనల్లో దాదాపు 70 శాతం ఇళ్లలోనే జరుగుతాయి. పడిపోయే తాతయ్య పక్కన పగటిపూట ఎవరుంటారు? అమ్మానాన్న పనికి పోయి ఉంటారు. ఉండేది నానమ్మ, బడి నుంచి వచ్చిన మనవరాలు. ఆరోగ్య శాఖ ఎన్ని కార్యాలయాల్లో శిక్షణ పెట్టినా ఆ ఇంట్లోకి చేరగలిగేది బడి ఒక్కటే.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్, కుప్పకూలిన ప్రయాణికుడి ఛాతీ నొక్కి కాపాడిన వీడియో రాష్ట్రమంతా చూసింది. తర్వాతి నెల మొదట్లోనే తెలంగాణ ప్రభుత్వం పెద్ద ఎత్తున సీపీఆర్ శిక్షణ ప్రారంభించింది. మంచి మొదలు. నా పట్టుదల మాత్రం పాఠశాల గురించే. పదో తరగతి జీవశాస్త్రంలో రక్త ప్రసరణ పాఠం ఉంది. గుండె బొమ్మ గీసి, నాలుగు గదులకు పేర్లు రాసి మార్కులు తెచ్చుకునే పిల్ల, ఆ గుండె ఆగితే ఏం చెయ్యాలో తెలియకుండా బడి దాటిపోవడం ఎంత అన్యాయం!

సామాన్యులకు ఏం నేర్పాలన్న దానిపై మన దేశానికి సొంత మార్గదర్శకాలున్నాయి. ఇండియన్ సొసైటీ ఆఫ్ అనస్థీషియాలజిస్ట్స్ ఆధ్వర్యంలో 2017లో వచ్చిన "కాల్స్" పద్ధతి, నోటితో ఊపిరి ఊదే పని లేకుండా ఛాతీ నొక్కడం ఒక్కటే చెబుతుంది. గుర్తించి సాయం పిలవడం, వెంటనే నొక్కడం, త్వరగా ఆసుపత్రికి చేర్చడం. పెద్దవాళ్లు హఠాత్తుగా పడిపోయినప్పుడు ఇది సరిపోవడానికి కారణముంది. గుండె ఆగిన క్షణానికి నెత్తురులో ఇంకా ఆక్సిజన్ ఉంటుంది. మొదటి కొన్ని నిమిషాలు ఆ నెత్తురును తిప్పితే చాలు. నోటికి నోరు ఆనించాలంటే వెనకాడేవాళ్లు కూడా ముందుకొస్తారు.

*మునిగినవాళ్లకు ఊపిరి ముందు*

*వేసవి సెలవుల్లో చెరువులు, కాలువలు, వ్యవసాయ బావుల్లో మన పిల్లలు ఎందరో పోతున్నారు. అక్కడ లెక్క తిరగబడుతుంది. ముందు ఊపిరి ఆగి, నెత్తురులో ఆక్సిజన్ అయిపోయి, ఆ తర్వాత గుండె ఆగుతుంది. ఖాళీ నెత్తురును ఎంత తిప్పినా లాభం తక్కువ, కాబట్టి ఊపిరి ఊదడంతో మొదలుపెట్టాలి. తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, ఛాతీ లేచేదాకా ఊది, తర్వాత 30 నొక్కులకు 2 ఊపిర్ల చొప్పున సాగించాలి. తలకిందులుగా వేలాడదీయడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం వద్దు. నీళ్లు రావడం కన్నా కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోవడమే ఎక్కువ. కట్లపాము, నాగుపాము కాటులోనూ విషం గుండె కన్నా ముందు ఊపిరి కండరాలను పడగొడుతుంది.*

అందుకే మన రెండు తెలుగు రాష్ట్రాల హైస్కూళ్లలో నొక్కడంతో మొదలుపెట్టినా, తొమ్మిదో తరగతికి ఊపిరి ఊదడం కూడా చేర్చాలని నా అభిప్రాయం. మోటారు స్టార్టర్ దగ్గర షాక్ తగిలిన రైతును ముట్టుకునే ముందు మెయిన్ ఆపడం, పిడుగు పడిన మనిషి ఒంట్లో కరెంటు నిలిచి ఉండదు కాబట్టి వెంటనే తాకొచ్చని తెలియడం కూడా ఇదే క్లాసులో రావాలి.

చెయ్యి ముందుకు రాకపోవడానికి

తెలిసినా చెయ్యనివాళ్లు ఉంటారు. అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో బహిరంగ స్థలాల్లో పడిపోయిన మగవాళ్లలో 45 శాతం మందికి చుట్టూ ఉన్నవాళ్లు సీపీఆర్ చేస్తే, ఆడవాళ్లలో 39 శాతానికే చేశారు. రొమ్ము మీద చెయ్యి వెయ్యడానికి జంకు, తప్పుగా అనుకుంటారేమోనన్న భయం. మన దగ్గర ఈ జంకు ఇంకా ఎక్కువే ఉంటుంది. పద్నాలుగేళ్ల వయసులో ఆ మాట క్లాసులో టీచరు తేటగా చెబితేనే తీరుతుంది. చెయ్యి పడేది రొమ్ము ఎముక కింది సగం మీద, మనిషి ఆడైనా మగైనా.

ఎముక విరుగుతుందని ఇంకో భయం. నిజమే, పెద్దవయసు వాళ్లకు పక్కటెముకలు విరగొచ్చు. విరిగిన పక్కటెముక వారాల్లో అతుక్కుంటుంది. నొక్కడం ఆపితే ఆ వారాలే మిగలవు. పోలీసు కేసు భయానికి, రోడ్డు ప్రమాదాల విషయంలో 2019 మోటారు వాహనాల సవరణ చట్టం సాయం చేసినవాళ్లకు రక్షణ ఇచ్చింది. అచేతనంగా ఉన్న మనిషి మేలు కోసం సదుద్దేశంతో చేసిన పనికి నేర చట్టంలోనూ రక్షణ ఉంది.

అన్నిటికన్నా బరువైన సంగతి ఒకటుంది, దాన్ని దాటవేసే శిక్షణ నాకు నచ్చదు. డెన్మార్క్ లెక్కలో కూడా బతికింది పది మందిలో ఒకరే. అంటే సరిగ్గా నొక్కిన పిల్ల చేతుల కిందే తాతయ్య పోవచ్చు. "నేను ఇంకా గట్టిగా నొక్కి ఉంటే" అన్న ఆలోచన ఆ పిల్లను ఏళ్ల తరబడి పట్టి ఉంచుతుంది. కాబట్టి క్లాసులోనే చెప్పాలి. ఆగిన గుండెకు నువ్వు చెయ్యగలిగే హాని లేదు. నువ్వు వేసిన ప్రతి నొక్కూ ఆయనకు అంతకుముందు లేని అవకాశాన్నిచ్చింది. ఫలితం నీ చేతుల్లో లేదు. అలాంటి ఘటన జరిగిన పిల్లతో తర్వాత టీచరు కూర్చుని మాట్లాడాలి.

క్లాసు ఎలా ఉండాలి

వేదిక మీద డాక్టరుగారు చేసి చూపిస్తే, కింద అయిదు వందల మంది చప్పట్లు కొడితే అది శిక్షణ కాదు. చేతులు నొక్కాలి, మోకాళ్లకు నేల తగలాలి. జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో ఆరేళ్లు సాగిన అధ్యయనంలో, శిక్షణ పొందిన బడి టీచర్లు నేర్పిన పిల్లలు, అత్యవసర వైద్యులు నేర్పిన పిల్లలకు దాదాపు సమానంగా నిలిచారు. కాబట్టి ప్రతి బడికీ డాక్టరు రావాలని చూడక్కర్లేదు. పీఈటీ సారు, జీవశాస్త్రం టీచరు చాలు.

సరైన లోతుకు టక్కుమనే బొమ్మ మండలానికి రెండున్నా బడులు వంతులవారీగా వాడుకోవచ్చు. అది వచ్చేదాకా గట్టి దిండుతో భంగిమ, వేగం నేర్పొచ్చు. లోతు మాత్రం దిండు చెప్పదు. వేగం నిమిషానికి 100 నుంచి 120. దీనికి పిల్లలే పాట వెతకాలి. నచ్చిన తెలుగు పాట పెట్టి 15 సెకన్లలో ఎన్ని దరువులు పడుతున్నాయో లెక్కపెట్టమనండి. 25కూ 30కీ మధ్య వస్తే ఆ పాట పనికొస్తుంది. ఈ వెతుకులాటలోనే వేగం ఒంటపడుతుంది.

ఒకసారి నేర్పి వదిలేస్తే మూడు నుంచి ఆరు నెలల్లో చేతులు మరిచిపోవడం మొదలుపెడతాయి. ఎప్పుడు చెయ్యాలన్న జ్ఞానం కన్నా ఎంత లోతు, ఎంత వేగం అన్న నైపుణ్యమే ముందు జారిపోతుంది. అందుకే ఏడాదికి ఒక పెద్ద క్లాసు, మధ్యలో ప్రార్థన తర్వాత పది నిమిషాల సాధన రెండు మూడు సార్లు. ఎనిమిదో తరగతికి పదో తరగతి పిల్లలే నేర్పితే పాతవాళ్లకూ సాధన అవుతుంది.

నన్నడిగితే గురుకులాలతో మొదలుపెట్టమంటాను. పిల్లలంతా ఒకేచోట ఉంటారు, సాయంత్రాలు సమయం ఉంటుంది, దసరాకు, సంక్రాంతికి అంబులెన్స్ ఆలస్యంగా చేరే ఊళ్లకు తిరిగి వెళతారు. సెలవులకు ఇచ్చే హోంవర్క్‌లో ఇంట్లో ఇద్దరికి, పక్కింట్లో ఒకరికి దిండు మీద నొక్కడం నేర్పమని రాయాలి. తిరిగొచ్చిన రోజు టీచరు అడగాలి: ఎవరెవరు నొక్కారు, ఎవరి మోచేతులు వంగాయి, 108కి మీ ఇంటి గుర్తు ఏమని చెప్పాలని నిర్ణయించుకున్నారు?